రూపాయలంటే ఢిల్లీయే అనుకున్నాం

పాపువా న్యూ గినీలో డబ్బుని కీనా అంటారు. ఈ సంగతి నాకు పన్నెండేళ్ల వయసు నుంచీ తెలుసు. స్కూల్లో ఎవరూ అడగలేదు, ఉద్యోగం ఇంటర్వ్యూలో అడగలేదు, పెళ్లిచూపుల్లో ‘నీకేం వచ్చమ్మా’ అన్నప్పుడు కూడా చెప్పుకునే అవకాశం రాలేదు. ముప్పై ఏళ్లుగా బుర్రలో ఓ మూల ఊరికే పడి ఉంది. పోయిన నెల మా వాడు హాల్లో కంప్యూటర్ ముందు కూర్చుని, దొంగని పట్టుకునే ఓ పాత ఆట ఆడుతూ "అమ్మా, కీనా అంటే ఏంటి?" అని అరిచాడు. నేను వంటింట్లోంచి "పోర్ట్ మోర్స్‌బీ! ఫ్లైటెక్కరా, టైమ్ అయిపోతోంది!" అని అంతకన్నా గట్టిగా అరిచాను, ఆ దేశపు రాజధాని అదే మరి. ఈలోగా చారులోకి పెట్టిన పోపు మాడిపోయింది. ఆ పూట చారు ఎవరూ పోసుకోలేదు గానీ దొంగ మాత్రం దొరికాడు.

ఆట పేరు ‘వేర్ ఇన్ ద వరల్డ్ ఈజ్ కార్మెన్ శాండియాగో’. 1985లో అమెరికాలో ఆపిల్ 2 కంప్యూటర్ల కోసం వచ్చింది, తర్వాత డాస్‌తో, అంటే విండోస్‌కి ముందు వాడిన సిస్టమ్‌తో, నడిచే కంప్యూటర్లకి కూడా వచ్చింది. వదిలిన కంపెనీ బ్రోడర్‌బండ్. ఆ పేరు వినలేదంటారేమో, ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడే ఉంటారుగా, 1989లో దాన్ని వదిలింది కూడా వీళ్లే. మా రోజుల్లో కంప్యూటర్ క్లాసుకి వెళ్లినవాళ్లందరికీ ప్రిన్స్ తెలుసు. తెల్లబట్టలేసుకుని పరిగెత్తుకొచ్చి గోతిలో ముళ్ల మీద పడి చచ్చేవాడు, మనం మళ్లీ మొదటి నుంచి మొదలెట్టేవాళ్లం. కార్మెన్ మాత్రం నాకు తెలిసిన వాళ్లలో ఇద్దరికే తెలుసు, మా అన్నయ్యకీ నాకూ. ఎవరికైనా చెబితే "గేమ్‌లో కూడా సోషలా? మీకేమన్నా పిచ్చా?" అనేవాళ్లు.

అన్నయ్యంటే పెద్దమ్మ కొడుకు, నాకన్నా రెండేళ్లు పెద్ద. 1996 వేసవి సెలవుల్లో వాడు మా ఇంటికొచ్చాడు. మా బాబాయికి అప్పట్లో గవర్నర్‌పేటలో ఓ మందుల షాపు పైన చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. నాలుగు కంప్యూటర్లు, ఒక ఏసీ. డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ నేర్పేవాడు. చెప్పులు మెట్ల దగ్గరే విప్పాలి, దుమ్ము పడితే కంప్యూటర్లు పాడవుతాయని. ఏసీ కూడా కంప్యూటర్ల కోసమే, మనుషులకి చల్లగా ఉండటం అదనపు లాభం. మే నెలలో బెజవాడలో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా ఏ బ్యాచీ ఉండేది కాదు, పెట్టినా ఆ ఎండలో పడి ఎవడూ రాడు. బాబాయి క్యారేజీ తినేసి, టేబుల్ మీద పేపరు పరుచుకుని దాని మీద తల పెట్టి పడుకునేవాడు. ఆ మూడు గంటలూ రాజ్యం మాది.

మాకిచ్చిన కంప్యూటర్‌కి బ్లాక్ అండ్ వైట్ మానిటర్. కలర్ మానిటర్ ఒక్కటే ఉండేది, దాన్ని ఫీజు కట్టేవాళ్లకి చూపించడానికి దాచేవాడు.

ఆట ఇలా నడుస్తుంది. మీరు యాక్మీ అనే డిటెక్టివ్ ఏజెన్సీలో కొత్తగా చేరిన డిటెక్టివ్. సోమవారం ఉదయం 9 గంటలకి కేసు మొదలవుతుంది. ఏదో దేశంలో విలువైన వస్తువు పోయింది, దొంగ ఆడో మగో చెబుతారు, ఆదివారం సాయంత్రం 5 లోపు పట్టుకోవాలి. వెళ్లిన ఊళ్లో మూడు చోట్ల వాకబు చెయ్యొచ్చు, బ్యాంకు, లైబ్రరీ, హోటలు, ఓడరేవు, అలాంటివి. అక్కడి సాక్షులు ఒక్కరూ సూటిగా ఊరి పేరు చెప్పరు. మన వీధి చివర కిళ్ళీకొట్టు ఆయన్ని అడ్రస్ అడిగితే ‘అదేనండీ, ఆ వేపచెట్టు దాటాక’ అంటాడు చూడండి, ఆ టైపు. డబ్బంతా ఫోరింట్లలోకి మార్చుకున్నాడంటారు, లేదంటే ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ జెండా ఉన్న విమానం ఎక్కాడంటారు. ఆ మూడు రంగులూ హంగరీకి ఉన్నాయి, ఇటలీకి ఉన్నాయి, మెక్సికోకి కూడా ఉన్నాయి. మన ఖర్మకి ఈ మూడు దేశాల రాజధానులూ ఆటలో ఉన్నాయి. ఎవరినైనా ఏదైనా అడిగినా గంటలు కరిగిపోతాయి, విమానం ఎక్కినా కరిగిపోతాయి, రాత్రయితే డిటెక్టివ్ గారు నిద్రపోతారు. తప్పు ఊళ్లో దిగితే ‘అలాంటి మనిషిని మేం చూడలేదు’ అని ముఖం మీద చెప్పేస్తారు. సరైన ఊళ్లో దిగితే మాత్రం ముఠావాడొకడు దొంగనడకతో స్క్రీన్ మీద అడ్డంగా వెళ్తాడు. వాడు కనపడగానే అన్నయ్య నా భుజం మీద ఒక్కటి చరిచేవాడు. ఆ సెలవులంతా నా ఎడమ భుజం కమిలిపోయే ఉంది.

దొంగ ఉన్న ఊరికి వెళ్లినంత మాత్రాన సరిపోదు, చేతిలో వారంట్ ఉండాలి. దానికి ఇంటర్‌పోల్ కంప్యూటర్లో ఆనవాళ్లు కొట్టాలి, జుట్టు రంగు, హాబీ, కారు, ఒంటి మీద గుర్తు. ముఠాలో మొత్తం 10 మంది, అందరికీ నాయకురాలు కార్మెన్. మొనాకో గూఢచారి సంస్థలో పనిచేసి బయటికొచ్చిందని ఆటలో ఆమె కథ. ఎర్ర కోటు, ఎర్ర టోపీ తర్వాత్తర్వాత వచ్చిన బొమ్మలతో బాగా పాపులర్ అయ్యాయి గానీ ఈ పాత ఆటలో ఆవిడ పేరే భయపెట్టేది. పెద్ద ర్యాంకు వస్తే గానీ ఆమె కేసు రాదని అన్నయ్య చెప్పేవాడు. మాకా ర్యాంకు రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత చెబుతాను, తప్పు నాదే.

అసలు సంగతేంటంటే, అమెరికాలో ఈ ఆట కొంటే డబ్బాలో ఫ్లాపీతో పాటు వరల్డ్ ఆల్మనాక్ అనే లావుపాటి పుస్తకం ఇచ్చేవాళ్లట. దేశాలు, జెండాలు, కరెన్సీలు అన్నీ అందులో ఉంటాయి. అంటే ఆట సగం ఫ్లాపీలో ఉంటే సగం ఆ పుస్తకంలో ఉందన్నమాట. మా చేతికి వచ్చింది ఎవరో ఎవరి దగ్గరో కాపీ చేసుకున్న ఫ్లాపీ, దానికి డబ్బా లేదు, పుస్తకం లేదు, కనీసం స్టిక్కర్ కూడా లేదు. మొదటి రెండు రోజులూ ఏ దేశమో తెలియక తోచిన ఊరికల్లా తిరిగాం. మూడో రోజు అన్నయ్యకి మా నాన్న డైరీ దొరికింది.

బ్యాంకు వాళ్లిచ్చే డైరీ. 90ల్లో పెరిగిన వాళ్లకి దాని గురించి చెప్పక్కర్లేదు. వెనక పేజీల్లో రైల్వే దూరాలు, పిన్‌కోడ్‌లు, ఐఎస్‌డీ కోడ్‌లు, వాటి తర్వాత పిప్పరమెంటు బిళ్లలంత అక్షరాల్లో దేశం, రాజధాని, కరెన్సీ. ఆ పేజీలు ఎవరు చదువుతారా అనుకునేదాన్ని. మేం చదివాం. నాన్న ఆ డైరీలో పాలవాడి లెక్కలు రాసుకునేవారు, దాన్ని మేం రోజూ పొద్దున్నే ఎత్తుకెళ్లిపోతుంటే నాలుగు రోజులు చూసి, పాల లెక్కలకి ఓ పాత నోటుబుక్కు పెట్టుకున్నారు. తిట్టలేదు. జెండాల కోసం నా స్కూల్ అట్లాస్ ఉండేది. ఈ రెండూ బల్ల మీద పరుచుకుని, ఒకళ్లం కీబోర్డు దగ్గర, ఒకళ్లం డైరీ దగ్గర.

అలా ఓ రోజు దొంగ డబ్బుని రూపాయల్లోకి మార్చుకున్నాడని బ్యాంకులో చెప్పారు. డైరీ చూడాల్సిన పనేముంది? రూపాయల్లోకి! మనవే! ఇద్దరం ఎగిరి గంతేసి ఢిల్లీ ఫ్లైటెక్కాం. మన దేశానికి వస్తున్నాడు వెధవ, మన దగ్గర వాడి ఆటలు సాగవు అన్నంత ఆవేశం. దిగి అడిగితే, అలాంటి మనిషిని చూడలేదన్నారు. ఇంకోచోట అడిగాం, చూడలేదు. మూడోచోటా చూడలేదు. అన్నయ్య మెల్లగా డైరీ తెరిచి వేలితో వరసగా చూసుకుంటూ వెళ్లాడు. నేపాల్, ఖాట్మండు, రూపాయి. శ్రీలంక, కొలంబో, రూపాయి. ఈ రెండు ఊళ్లూ ఆటలో ఉన్నాయి. అమెరికా పిల్లలైతే రూపాయి అన్నమాట వినగానే పుస్తకం తీసేవాళ్లు. రూపాయి జేబులో పెట్టుకుని తిరిగే మేం పప్పులో కాలేశాం.

ఫ్రాంకుల గోల ఇంతకన్నా ఘోరం. ఫ్రాంకు అంటే పారిస్ అని ఏడో క్లాసు పిల్ల కూడా చెబుతుంది, నేను చెప్పాను కూడా. మాలీలోని బమాకోలోనూ ఫ్రాంకులే. రువాండాలోని కిగాలీలోనూ ఫ్రాంకులే. మొరోనీలోనూ ఫ్రాంకులే. ఈ మొరోనీ ఎక్కడుందో మాకు అస్సలు అంతుపట్టలేదు. మొరాకో పక్కనుంటుందని అన్నయ్య తేల్చేశాడు. అట్లాస్ వెనక అక్షరక్రమంలో వెతికి, అడ్డగీత నిలువుగీత కలిపి చూస్తే, ఆఫ్రికాకి అటు వైపు, మొజాంబిక్‌కీ మడగాస్కర్‌కీ మధ్య సముద్రంలో ఆవగింజలు చల్లినట్టు నాలుగు చుక్కలు. కొమొరోస్ దీవులు. 1975 దాకా ఫ్రాన్స్ కింద ఉన్నాయి, అందుకే ఫ్రాంకు. మాలీని ఏలింది కూడా ఫ్రాన్సే. రువాండాని బెల్జియం ఏలింది, బెల్జియం డబ్బు కూడా అప్పట్లో ఫ్రాంకే. ఈ లింకు మాకప్పుడు తెలియదు, ఇప్పుడు మళ్లీ ఆడుతుంటే తట్టింది. జేబులో డబ్బుకి పెట్టిన పేరు చూస్తే ఆ ఊరిని ఎవరు ఏలారో చాలాసార్లు తెలిసిపోతుంది. ఇది మాత్రం ఆటలో ఏ సాక్షీ చెప్పడు.

ఇక నా ఘనకార్యం. అన్నయ్య తిరిగి వెళ్లే ముందు ఫ్లాపీకి ఇంకో కాపీ తీసుకుందామనుకున్నాడు. మా వీధిలో ఒకళ్లింట్లో కంప్యూటర్ ఉంది, వాళ్లని ఒప్పించాడు కూడా. ఫ్లాపీ మోసే బాధ్యత నాది. ఐదుంపావు అంగుళాల నల్ల ఫ్లాపీ, కాగితం కవర్లో పెట్టి, భద్రంగా ఉంటుందని బాబాయి స్కూటర్ డిక్కీలో వేశాను. బాబాయి దారిలో బీసెంట్ రోడ్డులో ఆగాడు, పిన్నికి ఏదో మ్యాచింగ్ బ్లౌజు ముక్క కావాలి. స్కూటర్ ఎండలో పెట్టాం. బ్లౌజు ముక్క దొరికేసరికి గంటన్నర. ఈలోగా మాకు రెండు గోళీసోడాలు. ఇంటికొచ్చి డిక్కీ తీస్తే ఫ్లాపీ అప్పడంలా వంకర తిరిగి ఉంది. అన్నయ్య దాన్ని అట్లాస్ మధ్యలో పెట్టి, పైన రుబ్బురోలు పొత్రం పెట్టి రాత్రంతా ఉంచాడు. పొద్దున్నే డ్రైవ్‌లో పెడితే కరకరమని చప్పుడు చేసి ‘జనరల్ ఫెయిల్యూర్, అబార్ట్, రీట్రై, ఫెయిల్’ అంది. రీట్రై కొట్టాం. ఎన్నిసార్లు కొట్టామో లెక్కలేదు. అన్నయ్య రెండు రోజులు నాతో మాట్లాడలేదు, మూడో రోజు సెలవులైపోయి ఊరెళ్లిపోయాడు.

ఇప్పుడు వాడుండేది సిడ్నీలో. కార్మెన్ ఆటలోని 30 ఊళ్లలో అదీ ఒకటి. నాకు ఈ ఆట బ్రౌజర్లోనే ఆడుకునేలా మళ్లీ దొరికిందని తెలియగానే మొదటి స్క్రీన్ ఫోటో తీసి వాడికి పంపాను. రాత్రి జవాబొచ్చింది. "ఫ్లాపీ డిక్కీలోంచి తీశావా?"

మళ్లీ చూస్తే ముందు ఆశ్చర్యం రంగులు. ఈ ఆటకి రంగులున్నాయని నాకు నలభై ఏళ్లు దాటాక తెలిసింది! ఆ పాత సీజీఏ రంగులు, ఒకేసారి తెర మీద నాలుగే, ముఖ్యంగా ఓ కొట్టొచ్చే నీలం, ఓ కొట్టొచ్చే గులాబీ. పెళ్లి షామియానాలా ఉంది. నా బూడిదరంగు కార్మెనే బాగుండేది అనిపించింది, అలవాటు అలాంటిది మరి.

మా వాడికి పదకొండేళ్లు, ఆరో క్లాసు. వాడి మొదటి మాట "అమ్మా, ఇది లోడ్ అవుతోందా, లేక ఇదేనా గేమ్?" ఇదేనన్నాను. పావుగంటలో పారిపోతాడనుకున్నా. వాడు పట్టుకున్నది ఏంటంటే ఆటలో టైమ్ మనం ఏదైనా చేస్తేనే నడుస్తుంది, ఊరికే కూర్చుంటే గడియారం కదలదు. అంటే ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు. వాడు రోజూ ఆడే ఆటల్లో కనురెప్ప వేస్తే చచ్చిపోతారు, పాపం.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే ఫోన్ దగ్గర. మొదటి కేసులో ఫోరింట్లు అనగానే వాడు నా ఫోన్ తీసి అడిగాడు, అరసెకనులో హంగరీ అని వచ్చేసింది. రెండో క్లూ, ఇంకో అరసెకను. కేసు పది నిమిషాల్లో ముగిసింది, వాడికి విసుగొచ్చింది, నాకు ఒళ్లు మండింది. ఈ ఆటని ఇలా ఆడితే దీనంత పనికిమాలిన ఆట ఇంకోటి లేదు. కావాలని సగం ఖాళీగా వదిలేసిన ఆట ఇది, ఆ ఖాళీలో మేం డైరీ పెట్టుకున్నాం, అట్లాస్ పెట్టుకున్నాం, పక్కింట్లో స్టాంపులు దాచుకునే అబ్బాయిని పెట్టుకున్నాం. అక్కడ ఫోన్ పెడితే ఇక ఏమీ మిగల్లేదు. అందుకని రూల్ పెట్టాను. కేసు నడుస్తున్నంతసేపూ అట్లాస్ చూడొచ్చు, మనుషులకి ఫోన్ చేసి అడగొచ్చు, వెతకడానికి మాత్రం ఫోన్ ముట్టుకోకూడదు. కేసయ్యాక ఎంతైనా చూసుకో. రూల్ పెట్టిన మర్నాడే నేను కీనా దగ్గర అరిచేసి దాన్ని తుంగలో తొక్కాను, అది వేరే సంగతి. వాడు ఇప్పటికీ ఎత్తిపొడుస్తున్నాడు.

ఆ కీనా కేసు అయ్యాక ఇద్దరం కూర్చుని చూశాం. ఆ దేశంలో పూర్వం డబ్బుగా వాడుకున్న ఓ ముత్యపుచిప్ప పేరే కీనా. ఒక కీనా నాణేనికి నడిమధ్యన గుండ్రంగా చిల్లు ఉంటుంది. నేను లేచి వెళ్లి, పూజగదిలో తాతయ్య రాగి చెంబులోంచి చిల్లు కాణీ తీసుకొచ్చి వాడి చేతిలో పెట్టాను. 1943 నుంచి నాలుగైదేళ్లు బ్రిటిష్ వాళ్లు వేశారు, యుద్ధం రోజులు, లోహం కలిసొస్తుందని మధ్యలో చిల్లు. ‘చిల్లు కాణీకి కొరగాడు’ అని మా నాయనమ్మ తిట్టే తిట్టు వాడికి బాగా తెలుసు, తనకే పడేది కాబట్టి. అసలు కాణీని చూడటం మాత్రం అదే మొదలు. వేలికి ఉంగరంలా పెట్టుకోబోయాడు, పట్టలేదు. దారం కట్టి మెళ్లో వేసుకున్నాడు, రెండు రోజులు తియ్యలేదు.

ప్రపంచం మాత్రం ఆట ఆగిన చోట ఆగలేదు. బీజింగ్‌ని ఆట ఇంకా పెకింగ్ అనే అంటోంది. సోవియట్ యూనియన్ 1991లోనే పోయింది, మేం బాబాయి సెంటర్లో ఆడేనాటికే ఆట ఐదేళ్లు వెనకబడి ఉంది. ఇటలీ లీరాలు, గ్రీసు డ్రాక్మాలు, ఫ్రాన్సు ఫ్రాంకులు 2002లో యూరో నోట్లు రావడంతో వెళ్లిపోయాయి. వీటిలో తమాషా ఏంటంటే ఫ్రాంకు పుట్టిన ఫ్రాన్సులో ఫ్రాంకు లేదు, బమాకోలో, కిగాలీలో, మొరోనీలో ఇంకా ఫ్రాంకులే నడుస్తున్నాయి. అత్తగారు పోయినా ఆవిడ పెట్టిన ఆనవాయితీ ఇంట్లో మిగిలినట్టు.

కిగాలీ దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. 1994లో, మూడు నెలల్లో, రువాండాలో సుమారు 8 లక్షల మందిని చంపేశారు. మేం రెండేళ్ల తర్వాత ఏసీలో కూర్చుని, కిగాలీ బ్యాంకులో దొంగ ఎటెళ్లాడని అడిగి, పకపకా నవ్వుకుని, తర్వాతి ఫ్లైటెక్కేశాం. ఆట రాసింది 1985లో, దాన్ని అని లాభం లేదు. పేపర్లో వచ్చే ఉంటుంది, ఇంట్లో పేపరు వచ్చేది, మేం సినిమా పేజీ, క్రికెట్ పేజీ చదివేవాళ్లం. జెండాలో ఆర్ అక్షరం ఉండే దేశం అని మాత్రం నాకు బాగా గుర్తుంది. గినీ దేశపు జెండాతో కలిసిపోకుండా ఆ ఆర్ పెట్టుకున్నారు. 2001లో ఆ జెండానే మార్చేశారు, పాతది చూస్తే ఆ రోజులు గుర్తొస్తాయని. మా వాడికి ఎంతవరకు చెప్పాలో తెలియక సగం చెప్పాను. వాడు "మరి గేమ్‌లో ఎందుకు లేదు?" అన్నాడు. నిజానికి ఈ ఆట జాగ్రఫీ నేర్పుతుందని అందరూ అంటారు గానీ, ఇది నేర్పేది జెండాలు, కరెన్సీలు, రాజధానులు. క్విజ్‌కి పనికొస్తుంది. ఆ ఊళ్లో మనుషులెలా బతుకుతారో దీనికి పట్టదు. మన ఊరి గురించి ఎవరైనా ఇలాగే ఆట రాస్తే ‘కనకదుర్గమ్మ గుడి, ప్రకాశం బ్యారేజీ, ఎండ’ అని మూడు క్లూలిచ్చి వదిలేస్తారేమో. ఇక రాజధాని ఏదని క్లూ అడిగితే ఒక్కో సాక్షి ఒక్కో మాట చెబుతాడు, ఆ కేసు ఆదివారం సాయంత్రానికి తేలదు.

మా వాడు మాత్రం సాన్ మారినో మీద పడ్డాడు. చుట్టూ ఇటలీ, మధ్యలో ఓ బుల్లి దేశం, మొత్తం 61 చదరపు కిలోమీటర్ల చిల్లర. ఎంత ఉంటుందమ్మా అంటే నాకూ ఊహకందలేదు. కేసయ్యాక వెతికితే మన విజయవాడ కార్పొరేషన్ విస్తీర్ణం కూడా 61 చిల్లరే! వాడు నమ్మలేదు. బండి తియ్యి, దేశం చివరికి వెళ్దాం అన్నాడు. ఆదివారం పొద్దున్నే ఎండెక్కకముందు పటమట నుంచి భవానీపురం దాకా వెళ్లొచ్చాం, బెంజ్ సర్కిల్ దగ్గర సరిహద్దు చెక్‌పోస్టు ఉన్నట్టు వాడి ఊహ. ఆ దేశంలో జనం ముప్పై నాలుగు వేల లోపే, మనం పది లక్షలు దాటాం. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ మీద ఇరుక్కున్నప్పుడు "అమ్మా, వాళ్ల దేశం జనమంతా మన ముందే ఉన్నారు" అన్నాడు.

కొత్త కార్మెన్‌లు చాలా వచ్చాయి. 2019లో గూగుల్ ఎర్త్ మీద ఒకటి వచ్చింది, భూగోళం తిప్పుతూ ఆడటం, చూడ్డానికి బాగుంది గానీ పది పదిహేను నిమిషాల్లో అయిపోయింది. అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్‌లో కార్టూన్ సీరియల్. అందులో కార్మెన్ మంచిది, దొంగల దగ్గరే దొంగతనం చేస్తుంది. 2025లో వచ్చిన కొత్త గేమ్‌లో మనమే కార్మెన్. మా వాడికి అది నచ్చుతుంది, కొనిపెట్టమంటున్నాడు. నేను నాన్చుతున్నాను. ముప్పై ఏళ్లు వెంటపడ్డ మనిషిని, ఇప్పుడు మంచిదానివి పోవమ్మా అని ఎలా వదిలేస్తాను?

మొన్న శనివారం సాయంత్రం వాడి కేసులో బ్యాంకు ఆయన చెప్పాడు, దొంగ డబ్బుని రూపాయల్లోకి మార్చుకుందని. నేను పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను. లిస్టులో ఢిల్లీ ఉంది, ఖాట్మండూ ఉంది. వాడు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, "ఇండియా!" అని ఢిల్లీ కొట్టాడు. నేను నోరు మెదపలేదు, చిక్కుడుకాయలు చూసుకుంటూ కూర్చున్నాను. చూడలేదన్నారు. మళ్లీ చూడలేదన్నారు. వాడు నా వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసు కదా!"

"నాకేం తెలుసురా, నేను కూరలో ఉన్నాను."

రూల్ ప్రకారం ఫోన్ చేసి అడగొచ్చు కాబట్టి, వాడు సత్యనారాయణపురంలో ఉండే మా నాన్నకి చేసి స్పీకర్లో పెట్టాడు. రూపాయలు ఇంకెక్కడెక్కడ వాడతారు తాతయ్యా అని. నాన్నకి ఎనభై దగ్గర పడుతోంది, ఏదీ నోటి లెక్కన చెప్పరు. ఉండు నాన్నా అని ఫోన్ బల్ల మీద పెట్టి వెళ్లారు. బీరువా తలుపు కిర్రుమనడం, ఏవో పుస్తకాలు కిందపడటం వినిపించింది. ఐదు నిమిషాల తర్వాత వచ్చి, కళ్లజోడు సర్దుకుంటున్నట్టు ఉంది, మెల్లగా చదివారు.

"మారిషస్, పోర్ట్ లూయిస్, రూపాయి. నేపాల్, ఖాట్మండు, రూపాయి... ఇదేంటి, దీని పక్కన పెన్సిల్‌తో ఏదో రాసుంది. మీ అమ్మ రాతే. ‘ఇవీ రూపాయలే, ఢిల్లీ కాదు, మళ్లీ మోసపోవద్దు’ అని ఉందిరా. రెండు గీతలు కూడా గీసింది కింద."

నాకు ఆ డైరీ ఇంకా ఉందన్న సంగతే తెలియదు. వాడు అప్పటికే ఖాట్మండు ఫ్లైటెక్కేశాడు. దిగీదిగగానే ముఠావాడు స్క్రీన్ మీద అడ్డంగా నడిచెళ్లాడు, వాడు ఎగిరి నా భుజం మీద ఒక్కటి చరిచాడు, ఒళ్లో చిక్కుడుకాయలన్నీ నేలపాలు. ఆటలో టైమ్ శనివారం రాత్రి. దొంగ టెన్నిస్ ఆడుతుందట, జుట్టు రంగు ఇంకా తెలియలేదు, వారంట్ తియ్యాలి. ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోయాం, నాన్న ఇంకా అటువైపు చదువుతూనే ఉన్నారు, "పాకిస్తాన్, ఇస్లామాబాద్, రూపాయి. సీషెల్స్, విక్టోరియా, రూపాయి..."